చేతులు కడిగిన నీళ్లు

నీళ్లను పరీక్షించే ఉద్యోగంలో ఒక పెద్ద అన్యాయం ఉంది. మా మాట ఎప్పుడూ జనం ఆ నీళ్లు తాగేశాకే వస్తుంది. సీసాలో నీళ్లు పట్టుకురావాలి, వాటిలోని కంటికి ఆనని పురుగుకు మేత వేయాలి, వెచ్చటి పెట్టెలో పెట్టి అది పెరిగేదాకా కాచుకోవాలి. పెరిగితే పెద్దవాళ్లు చూడాలి, సంతకం పెట్టాలి. "ఈ నీరు తాగుటకు యోగ్యము కాదు" అన్న కాగితం ఊరికి చేరేసరికి తాగినవాళ్లు సెలైన్ ఎక్కించుకొని ఇళ్లకు కూడా వచ్చేసి ఉంటారు. చాగలమర్రి దగ్గర ఒక పల్లెలో ఆ కాగితం అందుకున్న పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఏందప్పా, ఇల్లు కాలినాక నిప్పు కాలుస్తాదని చెప్పేకి వచ్చినావా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఆ ఇంట్లో టీ కూడా ముట్టకుండా బస్సెక్కాను.

ఆ ఆలస్యం మీద నాకున్న కోపం సర్వీసంతా చల్లారలేదు. ఇప్పటికీ చల్లారలేదు. ఎవరైనా ముసలాయన మీ దగ్గర కూర్చుని మా కాలమే బంగారమని మొదలుపెడితే, కుర్రవాళ్లారా, లేచి వెళ్లిపోండి. మా కాలంలో పిల్లలు నీళ్లు తాగి చచ్చేవాళ్లు. దానికి దిష్టి అనీ, గాలి సోకిందనీ పేర్లు పెట్టేవాళ్లు. ఆ పేర్లు పెట్టినవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు.

నేను నంద్యాలలో నీళ్ల పరీక్షల ప్రయోగశాలలో అటెండరుగా చేరి అటెండరుగానే దిగిపోయాను. బడి ఐదో తరగతితో సరి. ఇంగ్లీషు అక్షరాలు మందు సీసాల మీది చీటీలు చూసి నేర్చుకున్నాను. పాత కాగితాల అంగట్లో తూకానికి వచ్చిన పుస్తకాల్లో సూక్ష్మజీవుల పుస్తకం ఒకటి దొరికితే, పక్కన నిఘంటువు పెట్టుకొని ఏళ్ల తరబడి చదివాను. సగం తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆ తప్పులు దిద్దేవాళ్లు లేక చాలా కాలం వాటినే నమ్మాను. నా అసలు పని మాత్రం సీసాలు కడగటం, ఉడకబెట్టడం, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, చాగలమర్రి తిరిగి నీళ్లు పట్టుకురావటం. సీసా పెట్టేముందు కుళాయి మూతిని మంటతో కాల్చాలి. అది చూసి ఆడవాళ్లు నవ్వేవాళ్లు: "నీళ్లకు దీపం సూపిస్తాండావా అన్నా?"

నా సర్వీసులో చివరి వానాకాలం. కోస్తా వైపు నుంచి ఒక అమ్మాయి మా ల్యాబుకు వచ్చింది. పరిశోధన చేస్తోంది. టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి, టాబ్లెట్ ఒకటి తెచ్చుకుంది. నీళ్లలో ప్రమాదకరమైన బ్యాక్టీరియాను నిమిషాల్లో పట్టే పరికరమని చెప్పింది. మేం పాత పద్ధతిలో పరీక్షించే నీళ్లనే తనూ పరీక్షించి, రెండూ కలుస్తున్నాయో లేదో కొన్ని నెలలు చూడాలని వచ్చింది.

"ఇందులో ఏముందమ్మా?" అని అడిగాను.

"కార్బన్ నానో గొట్టాలు బాబాయ్ గారూ."

మా జీపు డ్రైవరు గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. మా వైపు గొట్టం అంటే పైపు ఒకటే కాదు, పనికిమాలిన మనిషి కూడా. వాడు ఊరుకుంటాడా? "ఉన్న పెద్ద గొట్టాలతోనే ఏగలేక సస్తాండామే, మేడమ్ ఇంగా సన్న గొట్టాలను తెచ్చిందే!" అన్నాడు. మా ఆఫీసులో ఆ పూట ఎవరు ఏ గొట్టమో తేల్చుకునే సరదాతోనే గడిచిపోయింది. ఆ అమ్మాయికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మా అందరికంటే ఎక్కువ నవ్వింది.

నేను నవ్వలేదు. నాకు ఇలాంటి పెట్టెల మీద నమ్మకం లేదు. ఏళ్లుగా ఎన్ని పెట్టెలు వచ్చాయో, ఎన్ని బీరువాల వెనక దుమ్ము కొట్టుకుపోయాయో చూసినవాణ్ని. కానీ ఆ గొట్టం సంగతి ఆమె చెప్పినప్పుడు మాత్రం చేతిలోని సీసా కింద పెట్టి విన్నాను.

కార్బన్ అంటే మన బొగ్గే, మన మసే. పెన్సిల్ ముల్లులో ఉండేదీ అదే. ఆ కార్బన్ అణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని వల లాంటి పలుచటి రేకు అవుతాయి. ఆ రేకు చాపలాగా చుట్టుకుంటే గొట్టం. మన తలవెంట్రుకను నిలువునా వేలాది పోగులుగా చీల్చగలిగితే, ఆ పోగుల్లో ఒకటి ఎంతో గొట్టం అంత. దాంట్లోంచి నీళ్లు పారించరు. దాని వెంట కరెంటు పారిస్తారు. గొట్టానికి పైన ఒక రకం అణువులను అతికిస్తారు. అవి ఒక్క జాతి బ్యాక్టీరియానే పట్టుకుంటాయి, పక్కనుంచి వేరేది పోయినా కదలవు. ఆ జాతిది వచ్చి తగులుకోగానే గొట్టం వెంట పారే కరెంటు మారుతుంది. టాబ్లెట్ మీద గీత కిందికి జారుతుంది. అంతే.

"మరి పురుగు ముందర గొట్టం ఎంతుంటుంది?"

ఆమె కొంచెం ఆలోచించి, "చేను చుట్టూ సన్నటి తీగ కట్టారనుకోండి. దాని మీద గేదె వచ్చి ఒరిగితే తీగ ఊగదా? బ్యాక్టీరియా గేదె అన్నమాట" అంది.

ఆ రాత్రి కాదు, ఆ వారమంతా నాకు గేదె తీగ మీద ఒరుగుతూనే ఉంది. సర్వీసంతా నేను సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి చూసిన పురుగు, మామూలుగా కంటికి ఆనని పురుగు, ఇంకో వస్తువు పక్కన గేదె! సృష్టిలో కింది మెట్టు అదే అనుకున్నాను. దాని కింద ఇంకా అన్ని మెట్లున్నాయని, అక్కడికి మనిషి దిగి, మసితో తీగ చుట్టి వచ్చాడని తెలిసి, ఈ వయసులో పసిపిల్లాడిలా నోరు తెరిచాను. ఒకరోజు ఆమె నన్నే చుక్క వేయమంది. మురికి నీళ్ల చుక్క. వేశాను. గీత జారింది.

"అది పురుగును చూసిందా అమ్మా?"

"చూడలేదు బాబాయ్ గారూ. తగిలింది, అంతే."

అలాగని అది దేవుడి పెట్టె కాదు. మన సీమ బోరు నీళ్లలో ఉప్పులెక్కువ. ఆ ఉప్పులు గొట్టాన్ని మభ్యపెడతాయి. అందుకని నీళ్లను ముందు జల్లెడ లాంటి పొర గుండా పంపి, పొర మీద చిక్కినదాన్ని వేరే శుభ్రమైన ద్రవంతో కడిగి, ఆ కడుగును చిప్పు మీద, అంటే గొట్టాలు పరిచిన గోరంత పలక మీద, వేసేది. ఈ సంగతి తెలుసుకునేలోపు ఆమె చాలా చిప్పులు పారేసింది. మా పాత పద్ధతి ఒకటి చెప్పి, ఆమె పెట్టె ఇంకోటి చెప్పిన రోజుల్లో అన్నం కూడా సరిగా తినేది కాదు.

అప్పుడు ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చింది. ఊరి చివర ఒక బాలికల హాస్టల్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు. కొందరిని నంద్యాల ఆసుపత్రికి తెచ్చారు. నీళ్లు పట్టుకురమ్మని మాకు కబురు. ఆ అమ్మాయి పెట్టె సర్దుకొని జీపులో నా పక్కన కూర్చుంది. దారి పొడవునా వాన తెరిపిచ్చి తెరిపిచ్చి పడుతోంది.

మేం వెళ్లేసరికి గేటు దగ్గర తల్లిదండ్రులు గుంపుగా ఉన్నారు. వార్డెను ఆసుపత్రిలో ఉంది. వంటింటికి తాళం. తాళంచెవి వాచ్‌మన్ నడుముకు వేలాడుతోంది. వంటింటి మెట్టు మీద వంటామె కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకొని. ముందురోజు నుంచి ఏ గిన్నే ముట్టవద్దని చెప్పారట. మధ్యాహ్నం హాస్టళ్లను చూసే అధికారి వస్తాడు, ఆమెను పంపించేస్తాడు. ఈ మాట నాతో వాచ్‌మన్ చెప్పాడు, ఆమెకు వినబడేంత గట్టిగా.

"ఏం పెట్టినావక్కా ఆ పూట?" అని అడిగాను.

"ఏం పెడ్తానన్నా? అన్నం, పప్పు, మజ్జిగ. పప్పు ఉడికింది, అన్నం ఉడికింది. మజ్జిగ ఉడకదు గదా. మజ్జిగ ముట్టని పిల్లోళ్లు ఇద్దరు ముగ్గురు బాగుండారంట. ఇంగేముంది, దొరికినా నేను."

"మజ్జిగలో ఏ నీళ్లు పోసినావు?"

"మంచినీళ్లే పోసినా. ఉప్పునీళ్లు పోస్తే పిల్లోళ్లు తాగుతారా? మూతి ముడుస్తారు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు ప్రతి చోటా రెండు నీళ్లుంటాయి. బోర్లోంచి వచ్చేవి ఉప్పునీళ్లు. స్నానానికి, గిన్నెలకు. పప్పు ఉడకదు వాటిలో. కాలువ నుంచి గొట్టాల్లో దినం మార్చి దినం వచ్చేవి మంచినీళ్లు. అవి తియ్యగా ఉంటాయి. ఆ హాస్టల్లో వాటిని నేలలో కట్టిన సంపులో నింపుకుంటారు. వంటకూ, తాగటానికీ అవే. తియ్యగా ఉన్నవన్నీ మంచివని పేరులోనే తీర్పు చెప్పేశాం. ఆ పేరు పెట్టినవాడు నా చేతికి దొరికితే నాలుగు దులిపేవాణ్ని.

గుంపులోంచి ఒక తండ్రి ముందుకొచ్చాడు. కోయిలకుంట్ల వైపు శనగ పండించే రైతు. పెద్ద కుటుంబమని తెల్లపంచె చూస్తేనే తెలుస్తోంది. అతని కూతురు లోపల మంచం మీద నీరసంగా పడుకొని ఉంది.

"నీళ్లు సూస్తే ఏమొస్తాది సార్? వండే చెయ్యి సక్కంగుంటే పిల్లోళ్లకు ఇట్లెందుకైతాది? ఎవురి చేతనో వండిస్తాండారు, మేం ఏమన్నా అన్నామా ఇన్నాళ్లు?"

 ఆ మాటలో చెయ్యి అంటే ఐదు వేళ్ల చెయ్యి మాత్రమే కాదని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆమె ఆదివారం చర్చికి పోయే కూలి ఇంటి మనిషి. అదొక్కటే అతని లెక్కలో రుజువు. నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోయాను. వంటామె నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నేను సీసాలు తీసుకొని వెనక బోరు కుళాయి దగ్గరికి పోయాను.

నేను అటు పోగానే ఆ అమ్మాయి వరండాలో బల్ల మీద పెట్టె తెరిచింది. ఆలస్యం చేయకూడదని, ఉడకబెట్టిన ఖాళీ సీసా ఒకటి వాచ్‌మన్ చేతికిచ్చి, "కాస్త మంచినీళ్లు పట్టి తెచ్చిపెడతారా అండీ? కొంచెం చాలండీ" అని అడిగిందట. వాడు పరుగున పోయి తెచ్చాడు.

నేను ఉప్పునీళ్లతో తిరిగొచ్చేసరికి ఆమె మొదటి చిప్పు పెట్టేసింది. మంచినీళ్ల మీద గీత కదల్లేదు. తిన్నగా, తాడు పట్టి లాగినట్టు ఉంది. ఉప్పునీళ్లు కూడా కడిగి వేసింది. అదీ కదల్లేదు. మలంతో వచ్చే ఈ-కోలి అనే బ్యాక్టీరియా కోసం ఆ చిప్పులు తయారయ్యాయి. అది రెంటిలోనూ లేదని పెట్టె చెబుతోంది.

అప్పుడే అధికారి జీపు దిగాడు. చెమట తుడుచుకుంటూ వచ్చి, "ఏం తేలింది?" అన్నాడు.

"నీళ్లలో ఏమీ కనబడలేదండీ" అంది ఆ అమ్మాయి. ఆమె గొంతు సన్నబడింది.

"ఇనుకున్నారా సార్?" అన్నాడు తండ్రి. "మిషినే చెప్పింది. నీళ్లు మంచివే. చెయ్యే మంచిది కాదు."

వంటామె మెట్టు మీద అలాగే కూర్చుని ఉంది. అధికారి ఆమె వైపు తిరిగి, "ఏమ్మా, ఊరికే గొడవెందుకు? నీ అంతట నువ్వే పోతే మర్యాదగా ఉంటాది" అన్నాడు. కోపంగా కాదు, పని త్వరగా ముగించుకొని వేరే ఊరికి పోవలసినవాడి లాగా.

నాకు పెట్టె మీదే అసహ్యం వేసింది. తీగ మీద గేదె ఒరిగిందని మురిసిపోయిన నా మీద కూడా వేసింది. ఇన్నాళ్లూ మా ఆలస్యం మనుషులను చంపిందని తిట్టుకున్నాను. ఇప్పుడీ వేగం ఒక మనిషి బతుకును నిమిషాల్లో తీసేస్తోంది. మా పాత కాగితమైతే ఎల్లుండిదాకా ఆమెను ఎవరూ కదిలించలేకపోయేవాళ్లు కదా అనిపించింది.

వాచ్‌మన్ ఇంతసేపూ ఆ అమ్మాయి బల్ల పక్కనే నిలబడి సీసా వంక చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"మేడమ్, నీళ్లు తాగకుండా పక్కన పెట్టినారే. సల్లగా లేవా?"

ఆమె తల ఎత్తింది. "తాగడమేమిటండీ?"

"దప్పికని అడిగినారు గదా. సారోళ్ల రూములో క్యాన్ నీళ్లు పట్టకచ్చినా. ఫిల్టర్ నీళ్లు. అన్ని అండీలు పెట్టి అడిగితే మీకు సంపులో నీళ్లిస్తానా మేడమ్? మాకు మర్యాద తెల్దా?"

ఒక క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత మా డ్రైవరు నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకొని గోడవైపు తిరిగాడు. మా సీమలో పరీక్షకు నీళ్లు కావాలంటే "ఏప్పా, ఆ సంపులోవి పట్కరా" అంటారు. "కాస్త మంచినీళ్లు, అండీ" అన్నారంటే అతిథికి దాహం వేసిందని. అతిథి చేతికి ఉన్నవాటిలో మేలైన నీళ్లే ఇవ్వాలి. వాడు ధర్మం తప్పలేదు. వాడి ధర్మం వంటామె ఉద్యోగం ఊడగొట్టేది, అంతే.

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "బాబాయ్ గారూ, సంపు దగ్గరికి వెళ్దాం రండి. నేనే పట్టుకుంటాను" అని లేచింది.

సంపు మూత ఎత్తాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. వాసన లేదు. పైకి చూస్తే గుడిలో తీర్థానికైనా పనికొస్తాయి. కానీ సంపు గోడకు అవతల, జానెడు దూరంలో మరుగుదొడ్ల గొట్టం పోతోంది. వానకు నేల నానింది. నంద్యాలకు తీసుకుపోవటానికి నేనూ ఒక సీసా నింపుకున్నాను.

వరండాలో గుంపు బల్ల చుట్టూ మూగింది. ఆమె నీళ్లను పొర గుండా తోసింది. పొరను కడిగింది. కొత్త చిప్పు పెట్టింది. పాతది మళ్లీ వాడదు, ఎవరు అడిగినా వాడదు. చుక్క వేసింది. గీత తిన్నగా పోతోంది. ఎవరో దగ్గారు. గీత ఇంకా తిన్నగానే పోతోంది. నా పక్కన వంటామె వచ్చి నిలబడిందని ఆమె ఊపిరి చప్పుడును బట్టి తెలిసింది.

గీత వంగింది.

ఒక్కసారిగా కాదు. కొండ మీంచి నీళ్లు దారి వెతుక్కుంటూ దిగినట్టు, కొంచెం ఆగి, కొంచెం జారి, తర్వాత ఆగకుండా కిందికి పోయింది. ఆ గోరంత పలక మీద, ఎవరికీ కనబడని చోట, మసి తీగల మీద గేదెలు వచ్చి ఒరుగుతున్నాయి. ఒకటి కాదు, మందలు మందలు. ఆసుపత్రిలో పిల్లలు ఏవి తాగి పడిపోయారో అవి. ఏళ్ల తరబడి మేం మేత వేసి, వెచ్చగా పడుకోబెట్టి, పెరిగాక గానీ చూడలేకపోయిన ఆ దొంగ, మా కళ్లెదుట, తాకిన చోటే దొరికిపోతున్నాడు.  ఇది నేను చూడకుండా దిగిపోయి ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ అమ్మాయి ఇంకో చిప్పు పెట్టి మళ్లీ చూసింది. మళ్లీ జారింది.

అధికారి గడ్డం గోక్కున్నాడు. "ఈ పెట్టెకు ఆమోదం ఉందా మేడమ్?"

"లేదండీ. ఇంకా పరిశీలనలో ఉంది. బాబాయ్ గారు ఇవే నీళ్లు నంద్యాలకు పట్టుకెళ్తున్నారు, అక్కడ పాత పద్ధతిలో చూస్తారు. అప్పటిదాకా సంపు మూసేయండి. దయచేసి."

"సరే, మూద్దాం. ఆ రిపోర్టు వచ్చేదాకా ఈమె మాత్రం లోపలికి పోకూడదు."

"అదేం న్యాయం సార్?" అన్నాను. నా సర్వీసులో ఒక అధికారిని అందరి ముందు అలా అడగటం మొదటిసారి. ఇంక దిగిపోయేవాణ్నే కదా, ఏం చేస్తారు?

తండ్రి అందుకున్నాడు. "నీళ్లు చెడ్డయితే చెడ్డయినాయి సార్. ఆ చేతులు మంచివని మిషిన్ యాడ చెప్పింది?"

అప్పుడు వంటామె బల్ల దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ చాపింది. పెనం కాలిన మచ్చలు మణికట్టు దాకా ఉన్నాయి.

"ఇవి గూడా సూడమ్మా దాంట్లో."

ఆ అమ్మాయి తడబడింది. "అక్కా, ఇవాళ్టి చేతులు చూస్తే ఆ రోజు సంగతి రుజువు కాదు. నేను అబద్ధం చెప్పలేను."

"రుజువు నువ్వు ఎవురికన్నా సెప్పుకో తల్లీ. నాకు అక్కర్లే. ఈళ్లందరి ముందర సూడు. ఇంతసేపు నా చేతులను సూడకుండానే సూసినారు."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను ఉడికించి చల్లార్చిన నీళ్ల సీసా తీశాను. వంటామె చేతులు గాజుపాత్ర మీద పెట్టింది. నేను సన్నగా ధార పోశాను. ఆమె వేళ్ల సందులు, గోళ్ల కింద, అరచేతి గీతలు, అన్నీ రుద్ది కడిగింది. అంత శ్రద్ధగా చేతులు కడగటం నేను డాక్టర్లలో కూడా చూడలేదు. పాత్రలో నీళ్లు కొంచెం మసి రంగుకు తిరిగాయి.

"ఏందది?" అన్నాడు ఎవరో.

"పొయ్యి తుడిచినా పొద్దున, కూసుండలేక. బయటి పొయ్యిలేప్పా, లోపలికి పోలే" అంది ఆమె. "మసి గూడా పురుగేనా మేడమ్?"

"కాదక్కా. ఆ గొట్టాలు కూడా మసే" అంది ఆ అమ్మాయి.

"అయితే సుట్టాలే" అంది వంటామె. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

పొర గుండా తోసింది. కడిగింది. చిప్పు. చుక్క. గుంపంతా ఆ గీత మీదికి వంగింది. అధికారి కూడా కళ్లజోడు పెట్టుకున్నాడు. గీత తిన్నగా పోయింది. పోయింది. ఇంకా పోయింది. వంగుతుందని కొందరు, వంగకూడదని కొందరు, అందరం ఊపిరి బిగబట్టే ఉన్నాం. వంటామె చేతుల నుంచి నీళ్లు నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. తుడుచుకోలేదు.

గీత వంగలేదు.

కంటికి ఆనని ఆ గొట్టానికి ఎవరు ఏ ఇంటివాళ్లో తెలియదు. పురుగు తగిలితే కదులుతుంది, తగలకపోతే ఊరుకుంటుంది. ఇంత చిన్న నీతి మనిషికి ఎందుకు పట్టుబడలేదో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

"ఇవాళ్టి చేతులు గదా అవి" అన్నాడు అధికారి, ఎవరి వైపూ చూడకుండా.

"అవునండీ" అంది ఆ అమ్మాయి. "సంపు నీళ్లు కూడా ఇవాళ్టివే."

ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. మా నంద్యాల రిపోర్టు తర్వాత వచ్చింది. సంపు నీళ్ల గురించి అదే మాట చెప్పింది, ఎప్పటిలాగే అందరికీ అన్నీ తెలిసిపోయాక. సంపు పగలగొట్టి వేరే చోట కట్టారు. కానీ నేను చెప్పదలచుకున్నది ఆ రిపోర్టు గురించి కాదు. ఆ సాయంత్రం వరండాలో జరిగింది ఇంకొంచెం ఉంది.

అందరం అలా నిలబడి ఉండగానే లోపలి గదిలోంచి ఒక పిల్ల గోడ పట్టుకొని నడుచుకుంటూ తలుపు దాకా వచ్చింది. ఆ రైతు కూతురే.

"నాయనా, దప్పికైతాంది."

తండ్రి చుట్టూ చూశాడు. సంపుకు మూత వేసి మీద బండ పెట్టారు. క్యాన్లో అడుగున కొంచెమే మిగిలింది, అది కూడా మా పరీక్షకు పోయింది. లోపల ఇంకా చాలామంది పిల్లలున్నారు. అతను ఆ అమ్మాయిని అడిగాడు. ఇంతసేపూ అతని గొంతులో ఉన్న బిగువు లేదు.

"మేడమ్, ఇప్పుడు పాపకు ఏం నీళ్లియ్యాల?"

"బోరు నీళ్లండీ. వాటిలో ఏమీ లేదు. అయినా బాగా మరగబెట్టి ఇవ్వండి."

"ఉప్పునీళ్లా?"

"ఉప్పునీళ్లేనండీ."

మరగబెట్టేది ఎవరు? ఆ ప్రశ్న ఎవరూ పైకి అనలేదు. అధికారి ఫోను చూసుకుంటున్నాడు. వంటామె వాచ్‌మన్ దగ్గరికి పోయి చెయ్యి చాపింది. వాడు అధికారి వైపు చూశాడు. అధికారి ఫోనులోంచి తల ఎత్తలేదు. వాడు నడుము నుంచి తాళంచెవి విప్పి ఇచ్చాడు.

పెద్ద డేగిసా పొయ్యి మీదికెక్కింది. నీళ్లు తెర్లే చప్పుడు వరండాలోకి వినబడింది. ఆమె నీళ్లను రెండు గ్లాసుల్లోకి అటూ ఇటూ పోసి ఆర్చుకుంటూ వచ్చి, ఒక గ్లాసుతో తండ్రి ముందు నిలబడింది. అతను వెంటనే అందుకోలేదు. గ్లాసునూ చూశాడు, దాన్ని పట్టుకున్న చేతినీ చూశాడు. తర్వాత తీసుకున్నాడు. కూతురికి ఇచ్చే ముందు తనే ఒక గుక్క తాగాడు.

"ఉప్పగుండాదే" అన్నాడు.

"ఉప్పునీళ్లు ఉప్పగుండక తియ్యగుంటాయా? పట్కపో, పాప సూస్తాంది" అంది ఆమె, అప్పటికే ఇంకో గ్లాసు కోసం వంటింట్లోకి తిరుగుతూ.